వెన్నున దిగు బాటలు

నిండుబిందె నెత్తుటకు చేయి చాచునప్పుడు ముందుగా బిగియునది చేయి గాదు, పిక్కలును నడుమును. అవి బిగియకున్నచో బిందెతోగూడ మనమును ముందునకు తూలుదుము. వానిని బిగియుమని మనలో నెవ్వరమును ఆజ్ఞ యిచ్చి యెఱుగము.

ఇట్టి యాజ్ఞలు మెదడునుండి వెన్నుపాములోనికి దిగుటకు బాట యొక్కటి గాదు, పెక్కులు గలవు. అందొకటి మెదడు పైపొరనుండి బయలుదేఱును. దీనికి ఒక్కొక్క ప్రక్క సుమారు 10 లక్షల తంతువులు. వెన్నుపామునకు కొంచెము పైన వానిలో నూటికి 90 వఱకు ఎదుటిప్రక్కకు దాటును; కావుననే మెదడున ఎడమదిక్కున దెబ్బ తగిలిన కుడిచేయి పడిపోవును. వ్రేళ్లను వేఱువేఱుగ నాడించు నేర్పు ముఖ్యముగా దీనిదే. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ముగ్గుపిండి సన్నని ధారగా జాఱుట దీని చలువయే. తక్కిన బాటలు పెక్కు మెదడు కాండమునుండి దిగును. వానిలో నొకటి లోపలిచెవి తెలుపు తూకమును బట్టి మనలను పడకుండ నిలుపును. మొండెము, భుజములు, తొడలు ముఖ్యముగా వీని యేలుబడిలోనివి. పేరు లేని చాకిరి వీనిది. ఇంటిపనివంటిదే యని మాకు దోచును.

1968లో లారెన్సు, కైపర్సు అను శాస్త్రజ్ఞులు కోతులలో ఆ మొదటిబాటను రెండు ప్రక్కలందును ఖండించి చూచిరి. ఆ మూగజీవములను తలచిన మనసు నొచ్చును. క్రమముగా అవి కూర్చుండెను, నడచెను, బోనుకమ్ములు పట్టి యెగబ్రాకెను. అయినను చిన్నగుంటలోని తిండిని రెండువ్రేళ్లతో దీయలేకపోయెను. గుప్పిట బట్టిన తిండిని విడుచుటయు కష్టమయ్యెను. ఎగబ్రాకునప్పుడు మాత్రము అదే గుప్పిట సులువుగా విడివడెను!

పక్షవాతము తగిలిన మా యత్తగారు ఇప్పుడు చేతికఱ్ఱతో పెరటిదాక నడతురు. దీపమునకు వత్తి చేయుటకు మాత్రము వ్రేళ్లు రావు. చూడవచ్చిన బంధువులు, "నడక వచ్చింది గాని, పనికి చెయ్యి రాలేదు కాబోలు!" అని నవ్విపోయిరి. ఆ పూట ఆమె అన్నము ముట్టలేదు. నడకకు తోడ్పడు బాటలు పెక్కులు. వ్రేళ్లకు ముఖ్యముగా దిక్కైనది ఒక్కటియే. అది తెగినవారి చేతిని బద్ధకమనుట తగునా?

ఈ సంగతి యంతయు మేము ఆమెకు చదివి వినిపించితిమి. "అయితే నా తప్పు లేదన్నమాటే, అమ్మాయీ" అని, కుడి అఱచేతిని దూదిపై బరువుగా నుంచి, ఎడమచేత లాగి పేన మొదలిడిరి. వత్తులు లావుగా వచ్చుచున్నవి. నూనె కొంచె మెక్కువ త్రాగుచున్నవి.