చీపురుగడ్డి, చిట్టెలుక

ఏడో తరగతిలో మా సార్ ఒక ప్రశ్న ఇచ్చారు. మొక్కకు, జంతువుకు భేదాలు రాయండి, ఉదాహరణలు మాత్రం మీ ఊరివే కావాలి అన్నారు. నేను కొండచీపురు గడ్డిని, చోడిచేలో తిరిగే చిట్టెలుకను తీసుకున్నాను. గడ్డి తన తిండి తానే తయారుచేసుకుంటుంది, ఎలుక చేసుకోలేదు. గడ్డి కదలదు, ఎలుక పరుగెడుతుంది. గడ్డి మనిషికంటే ఎత్తు పెరుగుతుంది, ఎలుక పది గ్రాములు తూగితే ఎక్కువ. పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి.

ఇంటికొచ్చి అమ్మమ్మకు చదివి వినిపించాను. "పోడు కాల్చినప్పుడు అవి ఏం చేస్తాయో రాయలేదేం?" అంది.

నిజమే. మంట పైపైనే పోతుంది. చీపురు దుబ్బు వేళ్లలో ప్రాణం దాచుకుని తొలకరికి చిగురిస్తుంది. ఎలుక బొరియలో దాక్కుని, నేల చల్లారాక బయటికొస్తుంది. అక్కడిదాకా రెండూ ఒకటే. కానీ ఎలుక ఇరవై రోజులు మోస్తే చాలు, నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. గింజ నుంచి మొలిచిన చీపురు కోతకు రావాలంటే రెండు మూడేళ్లు ఆగాలి. అందుకే మేం ఎలుక బొరియలు తవ్వినా అమ్మమ్మ ఏమీ అనేది కాదు. చీపురుకు వెళ్తే మాత్రం కొడవలి ఉందా లేదా అని చూసి పంపేది.

పదో తరగతి ఏడు నేను ఆ కొడవలి ఇంట్లోనే వదిలేశాను. వెన్నులు ఇంకా ముదరలేదు. మనం ఆగితే పక్క ఊరివాళ్లు పట్టుకుపోతారని అందరి భయం. కోయడంకన్నా గుంజడం తేలిక, కాడ కూడా పొడుగ్గా వస్తుంది. వేళ్లతో సహా ఊడొచ్చినవాటిని మట్టి దులిపి, మొదలు విరిచి కట్ట కట్టాను. సంతలో ఎవరూ అడగలేదు. ఆ డబ్బుతో చెప్పులు కొనుక్కున్నాను. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ వాలులో ఎర్రమట్టి జారి గెడ్డలోకి దిగింది. ఊట నీళ్లు నెలల తరబడి బురదగానే వచ్చాయి.

ఇప్పుడు నేనూ బడిలో అదే ప్రశ్న ఇస్తున్నాను. నిరుడు ఒక పాప చివరి వరుసలో ఇలా రాసింది: "ఎలుక మా కొండమీద ఉంది. చీపురు లేదు, కొనుక్కుంటున్నాం." పాఠంలో అలాంటి భేదం లేదు. అయినా మార్కు వేశాను. ఏ కొండమ్మా అని అడిగితే కిటికీలోంచి చూపించింది.

నాకు చెప్పులు ఇచ్చిన కొండే.