చిల్లర తిరిగి యిచ్చిన వైద్యుడు

వైద్యుడనగానే బీదవానికి రెండు భయములు కలుగును: ఒకటి రోగభయము, రెండవది రుసుముభయము. ఈ రెండింటిని నవ్వుచేతనే పోగొట్టిన పెద్దమనిషి యొకరు మా తీరమున నుండిరి. గడచిన కార్తికమున వారు కాలధర్మము నొందిరి. ఈ నాలుగు మాటలు మా ఋణమునకు వడ్డికైనను చాలవని యెరిగియే వ్రాయుచున్నాము.

మా పల్లె కావలికి తూర్పున, తుమ్మలపెంట త్రోవలో నున్నది. జనులలో సగము మంది చేలను, సగము మంది కడలిని నమ్ముకొని బ్రదుకుదురు. డాక్టరుగారు పట్టము పుచ్చుకొన్న పిదప కొంతకాలము నెల్లూరి ప్రజావైద్యశాలలో పనిచేసిరి. పుచ్చలపల్లి సుందరయ్యగారి తమ్ములు డాక్టరు రామచంద్రారెడ్డిగారు నడపిన ఆ వైద్యశాల బీదలకు స్వల్పవ్యయముతో చికిత్స చేయుటయే గాక, పల్లెలలో వైద్యము చేయదగిన యువకులను పెక్కుమందిని తయారుచేసినది. మా డాక్టరుగారికి సేవాబుద్ధి అచట నబ్బినది. హాస్యము మాత్రము స్వార్జితము.

1989 నవంబరులో కావలి దగ్గర పెనుతుపాను తీరము దాటినప్పుడు మాకు పదియేండ్లు. ఇండ్లు కూలినవి, బావులు ఉప్పునీటితో నిండినవి. బడిలో తలదాచుకొన్న జనుల నడుమ డాక్టరుగారు మోకాలిలోతు నీటిలో తిరుగుచు, "సముద్రుడు మనయింటికి విందుకు వచ్చినాడు. పాపము, ఉప్పు తానే తెచ్చుకొన్నాడు. నీళ్లు మాత్రము కాచి త్రాగండి" అనిరి. మూడుదినములకు మొదటిసారి మా తల్లి నవ్వుట ఆనాడు చూచితిమి.

పిదప కాలేజీలో చదువు రోజులలో ఒకనాడు వారి వసారాలో కూర్చుండి యుంటిమి. పట్టపువీథి ముదుసలి యొకతె మందు పుచ్చుకొని, రుసుముగా దోసెడు నెత్తళ్లు బల్లమీద బెట్టినది. డాక్టరుగారు వానిని పరీక్షగా చూచి, "అవ్వా, నా ఫీజు రెండు రూపాయలు. నీ చేపలు పది రూపాయలవి. చిల్లర పట్టుకొని పో, లేకుంటే ఊరు నన్ను దొంగ డాక్టరంటుంది" అని యెనిమిది రూపాయలు చేతిలో బెట్టిరి. ఆమె బేరము గెలిచినదానివలె తలయెత్తుకొని వెడలినది.

మాకు గ్రంథపాండిత్యపు పొగరు మెండుగా నున్న దినములవి. "ఇట్లయిన వైద్యశాల నడచునా?" యని యడిగితిమి. వారు నవ్వి, "దానమంటే అవ్వ రేపు రాదయ్యా. చిల్లరంటే రేపు కూడా చేపలు తెస్తుంది" అనిరి. ఆ మాటలోని ధర్మము మాకప్పుడు బోధపడలేదు. వారు అన్నిటిని తేలికగా దీసికొందురనియే తలచితిమి.

మా చిన్నాయన సారాకు లోబడి కాలేయము చెడి మరణించిన దినము జ్ఞప్తికి దెచ్చుకొన్నను మే మట్లు తలచి యుండరాదు. అన్నాళ్లును ఆయనను కసరక, నవ్వించుచునే మందిచ్చిన డాక్టరుగారు, ఆ ప్రొద్దున మా గడపలో నిలిచి యొక్క మాటయు నాడలేదు. కండ్లు తుడుచుకొని తిరిగిపోయిరి. అటు తర్వాత దూబగుంట స్త్రీలు రగిల్చిన యుద్యమము జిల్లా యంతట వ్యాపించి, 1993లో రాష్ట్రమున సారా నిషేధమునకు దారితీసినది. మా యూరి యాడువారు దుకాణము ముందు కూర్చున్నప్పుడు వారితో కూడ నేలమీద కూర్చున్న మగవారిలో డాక్టరుగారు మొదటివారు. "నా బేరమంతా చెడగొడుతున్నారమ్మా" యని వాపోయిరట!

సంస్కృతనాటకములలో విదూషకుడు రాజునకు చెలికాడు. మా డాక్టరుగారు బీదలకు విదూషకులు. రుష్యా దేశపు చెహోవు మహాశయుడును వైద్యుడే, హాస్యరచయితయే. 1892లో కలరా భయము వ్యాపించినప్పుడు మెలిహోవో పరిసరముల రైతులకు రుసుము లేకయే చికిత్స చేసెను. పరుల బాధ నెక్కువగా నెరిగినవారికే అట్టి నవ్వు చేతనగు నేమో.

మనము సంస్కరణము పేర బీదల కెన్నియో యిచ్చుచున్నాము. ఇచ్చునప్పుడు వారి తల వంగుచున్నదో, నిలుచుచున్నదో చూచుచున్నామా? మొన్న తరగతిలో నోటుపుస్తకము లేని పిల్లవానికి మే మొకటి యియ్యబోగా, వాడు సిగ్గుతో చేయి చాపడయ్యెను. అప్పుడు డాక్టరుగారు తలపునకు వచ్చిరి. "మా చేతివ్రాత చెడినదిరా. నీవు దీనిలో దినమునకొక పుట చక్కగా వ్రాసి మాకు నేర్పుము" అంటిమి. వాడు నవ్వి పుస్తకము నందుకొనెను.

డాక్టరుగారికి మేము బ్రదికియుండగా కృతజ్ఞత చెప్పలేదు. ఆ చిల్లర యిప్పుడు వారికి తిరిగి యియ్యలేము, ఇతరులకే చెల్లింపవలెను.