పంది రూపాయికి రీవాల్యుయేషన్

నా లాప్‌టాప్ కీలు విరిగి ఏడాది దాటింది. మూత తెరిచి గోడకి ఆనిస్తేనే కోడ్ రాయగలను. పోయినేడు వేసవి సెలవుల్లో అది చూసి మా అమ్మమ్మ పూజగదిలోంచి ఒక వెండి రూపాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. "పాతదిరా నాన్నా. బోల్డు ధర పలుకుద్దంట. అమ్మీసి కొత్తది కొనుక్కో."

ఆ రూపాయి వాళ్ల తాతగారిది. 1933లో విశాఖ పోర్టు మొదలవ్వకముందు, హార్బరు తవ్వే పనుల కోసం విజయనగరం వైపు నుంచి వచ్చాడాయన. కూలి డబ్బుల్లో ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా దాచుకున్నాడట. ఆ ఒక్కటీ ఏడాది చూస్తే 1911. అప్పటికే నాణేల పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి నాకు గుండె ఆగినంత పనైంది.

1911 రూపాయికి ఒక కథ ఉంది. దాని మీద ఐదో జార్జి వేసుకున్న అంగీలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా చెక్కడంతో అది జనం కళ్లకి పందిలా కనిపించింది. పెద్ద గొడవైంది. ప్రభుత్వం ఆ నాణేల్ని వెనక్కి తీసుకుని, 1912లో ఏనుగుని ఏనుగులా కనిపించేటట్టు మళ్లీ చెక్కించింది. అందుకే దీన్ని పంది రూపాయి అంటారు. 11.66 గ్రాముల బరువు, 91.7 శాతం వెండి. కానీ దీనికి ధర వచ్చేది వెండి వల్ల కాదు, ఆ పంది వల్ల.

ఇంకా ఎక్కువ ధర రావాలంటే గ్రేడింగ్ చేయించాలి. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. నిపుణులు నాణేన్ని పరీక్షించి, 1 నుంచి 70 దాకా ఒక అంకె వేసి, లేబుల్‌తో సహా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపిస్తారు. ఆ డబ్బాని స్లాబ్ అంటారు. ఈ 70 అంకెల స్కేలుని 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేశాడు. 1 గ్రేడు నాణెం ధరకి 70 గ్రేడు నాణెం డెబ్బై రెట్లు పలకాలని ఆయన లెక్క. ఆ లెక్క ఎప్పుడో తప్పింది, అంకెలు మాత్రం మిగిలాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ వచ్చాక అదే పెద్ద వ్యాపారమైంది.

నా రూపాయిని అమెరికా పంపే ప్రశ్నే లేదు. 1972 నాటి చట్టం ప్రకారం మన దేశంలో వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని మనం దేశం దాటించకూడదు. అందుకని ఇక్కడే ఉన్న ఒక కంపెనీకి పంపాను. ఫీజు, కొరియర్ కలిపి నా రెండు నెలల పాకెట్ మనీ.

వచ్చిన లేబుల్ మీద అంకె లేదు. 'వీఎఫ్ డీటైల్స్ – క్లీన్డ్' అని ఉంది. అంటే నాణెం అసలుదే, అరుగుదల కూడా పర్వాలేదు, కానీ ఎవరో తోమారు కాబట్టి అంకె ఇవ్వం అని.

ఎవరో కాదు, అమ్మమ్మే. ప్రతి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు రోజు చింతపండు, బూడిద వేసి రుద్ది రుద్ది కలశంలో వేసేది. అంతకుముందు వాళ్లమ్మ అదే పని చేసేది. మన సముద్రపు గాలికి వెండి నల్లబడడం, వీళ్లు తోమడం, ఎన్ని దశాబ్దాలో. లైటు కింద వంచి చూస్తే సన్నటి గీతలు గుండ్రంగా, అంట్లగిన్నె మీద ఉన్నట్టే. ఫోన్ చేసి చెప్తే అమ్మమ్మకి కోపం వచ్చింది. "శుభ్రంగా ఉంచితే తప్పేట్రా? మురికిగా ఉంటే మార్కులేస్తారా?" నిజానికి అంతే అమ్మమ్మా.

అప్పుడు తెలిసింది నాకు 'క్రాక్ అవుట్' గురించి. డబ్బా పగలగొట్టి, నాణెం తీసి, కొత్త నాణెంలా మళ్లీ పంపడం. ఇది దొంగతనం కాదు, అందరికీ తెలిసిన పనే. గ్రేడు వేసేది మనుషులు. సోమవారం చూసినాయన 64 అంటాడు, నెల తర్వాత ఇంకొకాయన 65 అంటాడు. కొన్ని నాణేలకి ఆ ఒక్క అంకెతో ధర రెండింతలు, ఇంకా ఎక్కువ కూడా అవుతుంది. అమెరికాలో దీని మీదే బతికే వ్యాపారులున్నారు.

సీఎస్ఈ వాణ్ణి కదా, పైథాన్‌లో పది లైన్లు రాసి చూశాను. నాణెం అసలు గ్రేడు 64.4 అనుకుందాం, మనుషుల చూపులో తేడా అర పాయింటు. ఒకసారి పంపితే సగటు 64.4 దగ్గరే. నాలుగుసార్లు పంపి ఎక్కువ వచ్చింది ఉంచుకుంటే సగటు 64.9 అయింది. నాణెం మారలేదు, గ్రేడర్లు తప్పు చేయలేదు, అయినా అర పాయింటు పుట్టింది. ఇంకో తమాషా ఏంటంటే, తక్కువ గ్రేడు పడ్డ మంచి నాణేల డబ్బాల్ని పగలగొడుతూ పోతారు, ఎక్కువ గ్రేడు పడ్డవాటిని ఎవరూ ముట్టుకోరు. కొన్నేళ్లకి మార్కెట్లో మిగిలేది ఎక్కువగా అలా అదృష్టం కలిసొచ్చినవే. ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్కలో కూడా ఒకే నాణెం రెండు మూడుసార్లు పడుతుంది. పాత లేబుళ్లు వెనక్కి పంపితే లెక్కలోంచి తీసేస్తామని కంపెనీలు అంటాయి. పంపేవాళ్లు ఎంతమందో మీరే ఊహించుకోండి.

ఇదంతా తెలిసీ నేను కటింగ్ ప్లేయర్ తీశాను. తువ్వాలు కప్పి మూల నొక్కితే టప్‌మని విరిగింది. పక్క బెడ్ వాడు లేచి కూర్చున్నాడు.

పగలగొట్టాక పాత కాగితం కవర్లో వేసి హాస్టల్ కిటికీలో పెట్టాను. ఉడికించిన గుడ్డు పక్కన పెడితే గంటలో నల్లబడుతుందని కొందరు చెప్పారు, గుడ్డులోని గంధకం వల్ల. మెస్‌లో గుడ్డుకి కొరత లేదు. కానీ చేయలేదు. అది మోసం, కిటికీలో పెట్టడం మాత్రం గాలి పని అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ రెంటికీ తేడా ఏంటో సరిగ్గా చెప్పలేకపోతున్నాను. ఎనిమిది నెలల్లో రూపాయికి గోధుమరంగు పట్టింది. గీతలు కనపడ్డం తగ్గింది.

ఆ నెలల్లోనే మా పక్క బెడ్ వాడికి ఎం-3లో 38 వచ్చింది. రీవాల్యుయేషన్‌కి పెడితే 41. పాస్! రాత్రి బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ పార్టీ ఇచ్చాడు, నేనూ వెళ్లాను. అదే పేపరు, అవే జవాబులు. వాణ్ణి ఎవరూ మోసగాడు అనలేదు. మరి నన్నెందుకు అనాలి అనుకున్నాను.

మళ్లీ పంపాను. వచ్చింది. 'వీఎఫ్ 30.' ఈసారి క్లీన్డ్ అన్న మాట లేదు.

జగదాంబ దగ్గర టీ షాపులో ఒక కలెక్టర్‌ని కలిశాను. పెద్దాయన, రిటైరైన స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి. భూతద్దంతో చాలాసేపు చూశాడు. ఆయన చెప్పిన ధరకి లాప్‌టాప్ కాకపోయినా సగం లాప్‌టాప్ వస్తుంది. అన్నీ అయ్యాక మామూలుగా అడిగాడు, "దీని చరిత్రేంటి బాబూ?"

హార్బరు తాతగారి సంగతి చెప్పాను. అక్కడితో ఆపొచ్చు. పాత లేబుల్ నా పర్సులోనే ఉంది. పడేయాలనుకుంటూ పది నెలలుగా పడేయలేదు. వాడి 38 మెమో వాడి దగ్గర, కాలేజీ దగ్గర, అందరి దగ్గరా ఉంది, అది దాచి వాడు ఎవరికీ ఏదీ అమ్మట్లేదు. నేను మాత్రం ఆ టేబుల్ మీద చేస్తున్నది అదే. లేబుల్ తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయనకి కోపం రాలేదు. నవ్వి, "చింతపండా?" అన్నాడు. తర్వాత సగం కన్నా తక్కువ చెప్పాడు. ఆలోచించి చెప్తానని వచ్చేశాను. నిజం చెప్పినందుకు గర్వంగా ఏమీ అనిపించలేదు. బస్సులో గాజువాక దాకా ఆ తేడా డబ్బులే లెక్కేసుకుంటూ వచ్చాను.

ఇంట్లో అమ్మమ్మ స్లాబ్‌ని అటూ ఇటూ తిప్పింది. గోరుతో తెరవబోయింది. "ఇదేట్రా, గాజుపెట్టెలో పెట్టినారు? కలశంలో ఎలా పడుద్ది?" పోయిన శ్రావణంలో నాణెం కంపెనీ దగ్గరుంటే ఐదు రూపాయల బిళ్లతో సరిపెట్టిందట. ఆ సంగతి నాకు అప్పటిదాకా చెప్పలేదు.

"అమ్మకపోతే నీ మిషనో?"

"ఇంకో ఏడాది గోడకి ఆనిస్తాలే."

తాతయ్య పనిముట్ల డబ్బాలోంచి ప్లేయర్ తెచ్చాను. ఈసారి తువ్వాలు కప్పలేదు, టప్‌మన్న శబ్దం వంటింటి దాకా వినబడింది. అమ్మమ్మ రూపాయిని వెలుతురులో పెట్టి, ఎనిమిది నెలలు కిటికీలో కూర్చుని నేను సంపాదించిన గోధుమరంగు చూసి మొహం చిట్లించింది.

"ఎంత నల్లగైపోనాదో. చింతపండు నానబెట్టు."