లండన్‌లో మూడు నెలలు: నా తజ్రిబా, నా మష్వరా



మొన్న మా బిరాదరీలో ఒకావిడ ఫోన్ చేసింది. "ఆపా, వచ్చే నెల కూతురి కాన్పుకి లండన్ వెళ్తున్నాను. అక్కడ బయట తిరగొచ్చా? భయమేమైనా ఉందా?" అని అడిగింది. ఆమెకు చెప్పిన సంగతులే వారం తిరక్కుండా ఇంకో ఇద్దరికి చెప్పాల్సి వచ్చింది. మన ఇళ్ళలో పిల్లలు చాలామంది బయట దేశాల్లో ఉన్నారు. కాన్పులకనీ, మనవళ్ళను చూసుకోవడానికనీ మన అమ్మీలు, నానీలు సఫర్ కట్టక తప్పడం లేదు. అందుకే నాకు జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

నేను గుంటూరులో టీచరుగా చేసి రిటైర్ అయ్యాను. నవంబరు మధ్యలో వెళ్ళి ఫిబ్రవరి మధ్యలో తిరిగొచ్చాను. మా అమ్మాయి వాళ్ళు ఉండేది తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో. హీత్రో ఎయిర్‌పోర్టులో మా దామాద్ ఎదురొచ్చాడు. ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కి నేరుగా వైట్‌చాపెల్‌లో దిగాం. అక్కడ డిస్ట్రిక్ట్ లైన్‌కి మారి ఈస్ట్ హామ్ చేరాం. సూట్‌కేసులు రెండూ అతనే మోశాడు. నేను మాత్రం అతని జాకెట్ అంచు పట్టుకుని నడిచాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని చిన్నపిల్లలా నడిచానంటే నవ్వొస్తుంది కానీ అదే నిజం.

మొదటి మూడు వారాలు ఒక్కదాన్నే గడప దాటలేదు. దామాద్ మంచివాడు. "అమ్మీ, మీరు ఒంటరిగా వెళ్ళకండి, ఏం కావాలన్నా నేను తెస్తాను" అనేవాడు. నాకూ అదే హాయిగా ఉండేది. డిసెంబరులో అక్కడ నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. జొహర్, అసర్, మగ్రిబ్ మూడూ నాలుగు గంటల లోపే వచ్చేస్తాయి. పొద్దున ఎనిమిదింటికి గానీ తెల్లవారదు. ఆ చీకటి చూస్తే బయటికి వెళ్ళాలనే అనిపించదు. ఇంట్లో కూర్చుంటే హిఫాజత్‌గా ఉన్నట్టే అనుకున్నాను.

ఒకరోజు మా అమ్మాయి అడిగింది. "అమ్మీ, నాకు నొప్పులొచ్చినప్పుడు ఆయన ఇంట్లో లేకపోతే ఏం చేస్తావు?"

నా దగ్గర జవాబు లేదు.

మర్నాటి నుంచే నాకు బస్సు నేర్పడం మొదలుపెట్టింది. తొమ్మిదో నెల కడుపుతో నన్ను మూడుసార్లు హాస్పిటల్ దాకా తీసుకెళ్ళింది. మొదటిసారి అంతా తనే చెప్పింది. రెండోసారి నన్ను చెప్పమంది. మూడోసారి నా వెనక సీట్లో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. నేను దిగితే దిగింది, నడిస్తే నడిచింది. ఆ రోజు నాకు మనసులో కలుక్కుమంది. ఇదే పిల్ల ఇంటర్ చదివే రోజుల్లో తెనాలి వెళ్ళడానికి ఆర్టీసీ బస్సు ఒంటరిగా ఎక్కుతానంటే నేను ఎక్కనివ్వలేదు. "జమానా బాగాలేదు, నీకు దారి తెలీదు" అన్నాను. దారి నేర్పాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

సరే, బస్సు సంగతులు చెప్తాను. లండన్ బస్సుల్లో డబ్బులు తీసుకోరు. 2014 నుంచే నగదు ఆపేశారు. ఆయిస్టర్ కార్డు గానీ, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు గానీ ఉండాలి. మన ఇండియా కార్డు పనిచేసినా ఫారిన్ చార్జీలు పడొచ్చు కాబట్టి ఆయిస్టర్ కొనుక్కుని అందులో డబ్బు వేసుకోవడం మేలు. బస్సు వస్తుంటే చెయ్యి చూపించాలి. ముందు తలుపులోంచి ఎక్కి పసుపు రంగు మిషన్‌కి కార్డు ఆనించాలి. దిగేటప్పుడు ఆనించక్కర్లేదు. నేనున్నప్పుడు ఎంత దూరానికైనా బస్సు చార్జీ ఒక పౌను డెబ్భై ఐదు పెన్నీలే. మొదటి బస్సులో కార్డు ఆనించిన గంట లోపల ఇంకో బస్సు ఎక్కితే మళ్ళీ చార్జీ పడదు. పదకొండేళ్ళ లోపు పిల్లలకు పెద్దవాళ్ళతో ఉంటే ఉచితం. బస్టాపులకు పేరుతో పాటు ఒక ఇంగ్లీషు అక్షరం కూడా ఉంటుంది. ఒకే పేరుతో నాలుగైదు స్టాపులు ఉంటాయి కాబట్టి ఆ అక్షరం గుర్తుపెట్టుకోవాలి.

రైలు లెక్క వేరు. అక్కడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండుసార్లూ కార్డు ఆనించాలి, అదీ ఒకే కార్డు. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు ఫోను వాడితే రెండూ వేర్వేరు లెక్కలోకి పోయి ఎక్కువ డబ్బు కోసేస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఏడు రద్దీ వేళలు. అప్పుడు రైలు చార్జీ కూడా ఎక్కువే. మనలాంటి వాళ్ళం ఆ వేళలు తప్పించుకుంటే మంచిది.

హిమ్మత్ చేసి నేను మొదటిసారి ఒంటరిగా వెళ్ళింది వైట్‌చాపెల్‌లోని ఈస్ట్ లండన్ మసీదుకి. అక్కడ ఆడవాళ్ళ కోసం మర్యమ్ సెంటర్ అని విడిగా కట్టారు. వెళ్ళేటప్పుడే గలతీ చేశాను. పడమటి వైపు వెళ్ళాల్సిన దాన్ని తూర్పు వైపు రైలెక్కాను. బార్కింగ్ దాటిపోయింది. డాగెన్‌హామ్ అన్న పేరు వినపడ్డాక గానీ తెలివి రాలేదు. గుండె దడదడలాడింది. దిగి ప్లాట్‌ఫారం మీద ఉన్న సిబ్బందిలో ఒకతనికి నా కాగితం చూపించాను. అవతలి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళమన్నాడు, అంతే. తప్పు రైలెక్కితే జరిగేది ఇంతేనని తెలిశాక నా భయం సగం పోయింది. డిస్ట్రిక్ట్ లైన్లో అప్‌మిన్‌స్టర్, బార్కింగ్ అని బోర్డుంటే తూర్పుకి, రిచ్‌మండ్, వింబుల్డన్, ఈలింగ్ అని ఉంటే పడమటికి. ఈ ఐదు పేర్లూ తెలుగులో రాసి పర్సులో పెట్టుకున్నాను. మనిషి కనపడకపోతే ప్లాట్‌ఫారం మీద హెల్ప్ పాయింట్ ఉంటుంది. బటన్ నొక్కితే అవతల నుంచి మాట్లాడతారు.

ఇక ఫోను. ఈస్ట్ హామ్ స్టేషన్ బయట ఒక కుర్రాడు ఫోన్లో మ్యాపు చూస్తూ నిలబడ్డాడు. సైకిలు మీద ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడొచ్చి, ఆగకుండానే ఫోను లాక్కుని వెళ్ళిపోయాడు. నా కళ్ళ ముందే జరిగింది. ఆ పిల్లాడు ఏడవలేదు, అరవలేదు, ఖాళీ చెయ్యి చూసుకుంటూ నిలబడిపోయాడు. అప్పట్నుంచి నేను రోడ్డు అంచున ఫోను తీయలేదు. చూడాల్సి వస్తే ఏదైనా దుకాణంలోకి వెళ్ళి చూసేదాన్ని. ఇంటి అడ్రసు, కూతురి నంబరు, దామాద్ నంబరు, హాస్పిటల్ స్టాపు పేరు కాగితం మీద రాసుకుని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. ఫోను పోయినా నేను తప్పిపోకూడదు కదా. అసలు పాస్‌పోర్టు ఇంట్లోనే ఉంచి జిరాక్సు పట్టుకెళ్ళేదాన్ని.

హిజాబుతో తిరగడం గురించి అందరూ అడుగుతారు. ఈస్ట్ హామ్‌లో, వైట్‌చాపెల్‌లో మనలాంటి వాళ్ళు ఎంతోమంది కనపడతారు. ఎవరూ తిరిగి కూడా చూడరు. ఒక్కసారి మాత్రం బస్సులో తాగినవాడొకడు నా వైపు చూసి ఏదో అరిచాడు. నేను జవాబివ్వకుండా లేచి డ్రైవరు దగ్గరి సీట్లోకి మారాను. వెంటనే ఒక తెల్లావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు, ఊరికే కూర్చుంది. ఆమెకు అల్లాహ్ మేలు చేయాలి. చీకటి పడ్డాక డబుల్ డెక్కర్లో పై అంతస్తు ఎక్కకండి, కిందే కూర్చోండి. రైల్లో ఎవరైనా వేధిస్తే తర్వాతి స్టేషన్‌లో డబ్బా మారండి. రైలు పోలీసులకు 61016 నంబరుకి మెసేజ్ పెట్టొచ్చు. ప్రమాదమైతే 999, అంత తొందర లేని పోలీసు పనికి 101, ఆరోగ్యం గురించి అడగాలంటే 111.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

జనవరి మొదటి వారం. అర్ధరాత్రి దాటాక మా అమ్మాయికి నొప్పులొచ్చాయి. దామాద్ క్యాబు పిలిచి తనను తీసుకెళ్ళాడు. ఐదేళ్ళ నవాసాతో నేను ఇంట్లో ఉండిపోయాను. నాలుగున్నరకి ఫోనొచ్చింది. "అమ్మీ, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందట, ఆపరేషన్ చేస్తామంటున్నారు. మీ కోసం ఒకటే అడుగుతోంది. నేను మీకు క్యాబు బుక్ చేస్తాను" అన్నాడు. అంతలో ఎవరో అతన్ని పిలిచారు. ఫోను ఆగిపోయింది. పావుగంట ఇంతెజార్ చేశాను. క్యాబు రాలేదు. మళ్ళీ చేస్తే ఫోను ఎత్తలేదు. క్యాబు యాప్ అతని ఫోన్లోనే ఉంది. అంత రాత్రప్పుడు డిస్ట్రిక్ట్ లైన్ రైళ్ళు నడవవు. శుక్ర, శనివారాల రాత్రుళ్ళు కొన్ని లైన్లలో నడుస్తాయి గానీ మా లైన్లో అదీ లేదు. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు.

పిల్లాడిని లేపి కోటు తొడిగాను. దువా చదువుకుని తలుపు తాళం వేశాను.

బస్టాపు దాకా ఐదు నిమిషాల నడక. దీపాలున్న పెద్ద వీధిలోంచే వెళ్ళాను. దగ్గరి దారి ఒకటుంది గానీ అది పార్కు పక్క నుంచి పోతుంది. మా రూటు బస్సు రాత్రంతా నడిచేదే. ఎక్కితే లోపల సగం నిండి ఉంది. అంతా ఆఫీసులు ఊడవడానికి, ఆస్పత్రుల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళు. నాకు ధైర్యం వచ్చింది. మూడు స్టాపులు దాటాక ఈ బస్సు గమ్యం మారిందని రికార్డు చేసిన గొంతు వినపడింది. అందరినీ దింపేశారు. అక్కడ ఇలా అప్పుడప్పుడూ జరుగుతుందని మా అమ్మాయి ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను అక్కడే కూలబడేదాన్ని. దిగినవాళ్ళతో పాటే నిలబడ్డాను. బోర్డు మీద తర్వాతి బస్సు తొమ్మిది నిమిషాలని ఉంది. ఆ తొమ్మిది నిమిషాలు ఎంత సేపో నాకు తెలుసు. పిల్లాడి చేతులు నా కోటు జేబుల్లో పెట్టించి, నా పెదవులు మాత్రం కదుపుతూ ఉన్నాను. బస్సొచ్చింది. కార్డు ఆనించాను. చార్జీ మళ్ళీ పడలేదు.

హాస్పిటల్ వరండాలో మా దామాద్ నన్ను చూసి నిలబడిపోయాడు. "అమ్మీ, ఎలా వచ్చారు?"

నవాసా చెప్పాడు. "బస్సులో. బటన్ నేనే నొక్కా."

అల్‌హందులిల్లాహ్, తల్లీ బిడ్డా క్షేమం. మా అమ్మాయికి మెలకువ వచ్చేసరికి నేను పక్కనే ఉన్నాను. "ఎవరు తీసుకొచ్చారమ్మీ?" అంది. "నువ్వే బేటీ, వెనక సీట్లో కూర్చుని" అన్నాను. తను నవ్వలేక కళ్ళు మూసుకుంది. తెనాలి బస్సు సంగతి ఆ రోజే ఎత్తాలనుకున్నాను. నోరు రాలేదు. తిరిగొచ్చే ముందు రోజు ఎత్తాను. "నువ్వింకా అది గుర్తు పెట్టుకున్నావా?" అంది. గుర్తు పెట్టుకోవాలి కదా మరి.

వెళ్ళబోయేవాళ్ళకి ఇంకో నాలుగు మాటలు. విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళకి అక్కడి ఆస్పత్రుల్లో అడ్మిషన్లు, ఆపరేషన్లు ఉచితం కాదు. ఇక్కడి నుంచే ట్రావెల్ ఇన్సూరెన్సు చేయించుకుని వెళ్ళండి. మందులు డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్ళండి. క్యాబు యాప్ మీ ఫోన్లో కూడా పెట్టించుకోండి, ఆ పని నేను ఆలస్యంగా చేశాను. రోడ్డు మీద చెయ్యెత్తి ఆపదగ్గది నల్ల టాక్సీ ఒక్కటే. మామూలు కారువాడు దగ్గరికొచ్చి ఎక్కమంటే ఎక్కకండి, అవి ముందుగా బుక్ చేసుకున్నాకే ఎక్కాలి. ఎక్కే ముందు కారు నంబరు సరిచూసుకోండి.

కొడుకులకు, దామాద్‌లకు కూడా ఒక గుజారిష్. "అమ్మీ, మీరు బయటికి వెళ్ళకండి" అనడంలో మీ మొహబ్బత్ ఉంది, కాదనను. కానీ మీరు ఇంట్లో లేని ఒక రాత్రి వస్తుంది. ఆ రాత్రికి పనికొచ్చేలా ఆమెకు ఒక్క దారైనా నేర్పండి.

ఫోన్ చేసిన ఆవిడకి చివర చెప్పింది కూడా అదే. దిగిన వారం లోపే ఇంటి నుంచి హాస్పిటల్ దాకా బస్సులో ఒకసారి వెళ్ళిరా చెల్లీ. రెండోసారి నువ్వు ముందు నడువు, నీ కూతుర్ని వెనక నడవమను.

ఖుదా హాఫిజ్.