కత్తి యొక్కటి చాలునా?



క్రిందటి నెల మా మేనకోడలు ఉద్యోగార్థము పట్టణమునకు బయలుదేరుచుండగా, మా వదినగారు ఆమె పెట్టెలో ఊరగాయ జాడీ ప్రక్కనే చిన్న కత్తి నొకదానిని ఉంచిరి. "రాత్రులు ఒంటరిగా నడువవలసిన పిల్ల, ఇది యున్న ధైర్యముగా నుండును" అనిరి. నేను ఔననలేకపోతిని. కారణము నా కుడిచేతి వ్రేళ్లపై నున్న మచ్చలే.

పదునెనిమిది సంవత్సరముల క్రిందట, ఇంట నేనును పిల్లలును మాత్రమే యుండగా, అర్ధరాత్రమున పెరటి తలుపు నెవరో త్రోసిరి. వంటకత్తి పట్టుకొని పరుగెత్తితిని. గడియ యూడగనే కన్నులు మూసికొని పొడిచితిని. మొన తలుపుచెక్కకు దాకినది. పట్టు జారి నా వ్రేళ్లే పదునుమీదికి పోయినవి. దొంగ పాఱిపోయినది నా కత్తిని జూచి కాదు. పిల్లల కేకలకు పొరుగిండ్లలో వెలిగిన దీపములను జూచి.

వంటకత్తి కూరలు తఱుగుటకై చేసినది. దాని పిడికి అడ్డు లేదు. గట్టిదానికి దాకినచో చెమటపట్టిన చేయి ముందునకు జారును. అదియుగాక, కత్తి పనిచేయవలెనన్న పగవాడు చేరువకు రావలెను. చేరువకు వచ్చినవాడు దానిని లాగికొననూ వచ్చును.

కేరళమందలి కళరి విద్యలో మొదట శరీరసాధన, పిదప కఱ్ఱ, ఆ తరువాతనే లోహాయుధములు. ఆ విద్య నేర్పు వడకర మీనాక్షి అమ్మగారు 2017లో పద్మశ్రీ పొందిరి. ఆయుధమునే వృత్తిగా గలవారు సైతము ముందుగా అడుగు వేయుటయే నేర్పుదురు గదా!

చట్టమును ఎఱిగియుండవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత మనకు ఆత్మరక్షణ హక్కు నిచ్చుచున్నది. మానభంగము, ఆమ్లదాడి వంటి యాపదలలో ఎదిరి ప్రాణము పోయినను ఆ హక్కు వర్తించును. కాని రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు.

"అట్లయిన విద్య రానివారు తలవంచుకొని యుండవలెనా?" అని వదినగారు కోపించిరి. వలదు. గత్యంతరము లేనపుడు చేతి కందినదే ఆయుధము. కాని నేర్వని కత్తిని నమ్ముకొని బయలుదేరరాదు. గట్టిగా కేకవేయుట, పట్టుకొన్న చేతిని విడిపించుకొనుట, పరుగెత్తుట, 112కు పిలుచుట: ఇవి ముందు అలవడవలెను.

మేనకోడలు ఇప్పుడు ఆదివారములందు ఆత్మరక్షణ విద్య నేర్చుకొనుచున్నది. మొదటి పాఠము పరుగెత్తుటయేనట! కత్తి మా వదినగారి వంటయింటనే యున్నది; మామిడికాయలు చక్కగా తెగుచున్నవి.