కాంటెస్సా కోసం కలకత్తా

కలకత్తా వెళ్ళొచ్చామంటే చాలు, కాళీఘాట్ చూశారా, దక్షిణేశ్వరం వెళ్ళారా, చీరలేం తెచ్చారు అని అడుగుతారు ఎవరైనా. (2001లో కోల్‌కతా అని పేరు మార్చినా మన నోటికి ఇప్పటికీ కలకత్తాయే వస్తుంది.) 2024 జనవరిలో మా అక్కా బావగార్లతో కలిసి నేను వెళ్ళింది మాత్రం మల్లిక్ బజారుకి. అక్కడ చీరలుండవు. పాత కార్ల తలుపులు, దీపాలు, ఇంజన్లు ఉంటాయి.

అక్కావాళ్ళుండేది ఖరగ్‌పూర్లో. బి.ఎన్.ఆర్. రైల్వే రోజుల నుంచీ మనవాళ్ళు అక్కడ స్థిరపడ్డారు గనక బజార్లోకెళితే తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది. అక్క మామగారు 1994లో ముచ్చటపడి కొన్న కాంటెస్సా కారు ఇంకా వాళ్ళ ఇంటి ముందే ఉంది. ఆయన పోయాక బావగారికి అది కారు కాదు, తండ్రి జ్ఞాపకం.

ఈ తరం పిల్లలకి కాంటెస్సా పేరు తెలియకపోవచ్చు. అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే 1984 నుంచి 2002 దాకా దీన్నీ తయారుచేశారు. ఇంగ్లండులో వాక్స్‌హాల్ వాళ్ళు ఆపేసిన కారు అచ్చులు తెచ్చి ఇక్కడ పోశారన్నమాట. మొదట్లో ఇంత పొడుగు బండికి అంబాసిడర్ ఇంజనే పెట్టారు. ఏనుగుకి మేకపిల్ల బలం! తరవాత జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజన్ వచ్చాక గానీ దాని దర్జా దానికి రాలేదు. సోఫాలాంటి సీట్లు, ఏసీ, మెత్తటి నడక... అప్పట్లో అది గేట్లోకొస్తే వీధంతా చూసేది.

ముప్ఫై ఏళ్ళు నిండేసరికి ఏ బండికైనా రోగాలొస్తాయి. పైగా 2024లోనే రిజిస్ట్రేషన్ రెన్యువల్. పదిహేనేళ్ళు దాటిన కారుని ప్రతి అయిదేళ్ళకీ చూపించి పాస్ చేయించుకోవాలి. ఆ ఫీజు 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. (2025లో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 అయింది.) బావగారు ఒక పెద్ద గ్యారేజీలో చూపిస్తే - పేరెందుకు లెండి - లక్షా నలభై వేలకి చీటీ రాసిచ్చారు. అందులో ఇంజన్ విప్పి బాగుచెయ్యటానికే అరవై అయిదు వేలు!

అక్క దగ్గర డబ్బు లేకపోలేదు. రెండు వానాకాలాలుగా డాబా కారుతోంది. పడగ్గదిలో బకెట్లు పెట్టుకుని పడుకుంటున్నారు. దాన్ని బాగుచేయించటానికి పోస్టాఫీసులో దాచింది. "డాబా డబ్బు ముట్టుకోను. నలభై వేలలో అయితే కారు, లేకపోతే పాత సామాన్ల వాడికి" అనేసింది. బావగారు రెండు రోజులు సరిగ్గా భోంచెయ్యలేదు.

మూడోరోజు ఆ వీధి చివర షెడ్డులో ఉండే ముసలి మిస్త్రీని అక్కే పిలిపించింది. ఆయన ముందుగా ఇంజనాయిల్ మూత విప్పి లోపలివైపు చూపించాడు. పాలు కలిపిన కాఫీ రంగులో జిగురుంటే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నట్టు, హెడ్ గాస్కెట్ పోయినట్టు అనుమానించాలట. ఇక్కడ అలాంటిదేమీ లేదు. పొగ గొట్టంలోంచి తెల్లపొగా లేదు. మరి బండి ఎందుకు కాగిపోతోంది? రేడియేటర్లో కూలెంట్ బదులు ఏళ్ళ తరబడి బోరునీళ్ళు పోశారు. వేణ్ణీళ్ళ గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, అదే సన్నటి గొట్టాల్లో కట్టి, తుప్పూ చేరి నీళ్ళు తిరగటం లేదు. రేడియేటర్ విప్పి పుల్లలు పెట్టి శుభ్రం చెయ్యటం, కొత్త థర్మోస్టాట్, పగిలిన రబ్బరు గొట్టాలు - అన్నీ కలిపి ఆరు వేలు.

బ్రేకుల దగ్గర మాత్రం ఆయన బేరమాడనివ్వలేదు. బండి ఏడాది కదలకుండా నిలబడితే బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, లోపల తుప్పు పట్టి రబ్బర్లు చెడతాయి, పెడల్ నొక్కితే నేలకి దిగిపోతుంది. "రబ్బరు వస్తువు ఎప్పుడూ పాతది కొనకండమ్మా, ఇనపదీ గాజుదీ అయితే పాతదైనా నడుస్తుంది" అన్నాడు. ఈ ఒక్క మాటా పట్టుకునే మేం కలకత్తా బయల్దేరాం.

లోకల్లో రెండున్నర గంటలు. మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి, కొబ్బరిముక్కలు వేసి కలిపిచ్చే ఝాల్‌ముడీ తింటూ హౌరా చేరాం. పార్క్ స్ట్రీట్ వెళ్ళి సర్క్యులర్ రోడ్డులో కలిసేచోట మల్లిక్ బజారు. మూలమీదే బెంగాలీ కవి మైకేల్ మధుసూదన్ దత్ సమాధి ఉన్న పాత క్రైస్తవ శ్మశానం. దాటితే ఇక కార్ల శ్మశానమే! వంటింట్లో గరిటెలు తగిలించినట్టు గోడలకి సైలెన్సర్లు. రోడ్డు మీద ఆయిల్ మరకలు. చెప్పులు జాగ్రత్త, మంచి చీర కట్టుకుని వెళ్ళకండి.

అక్క తెలివి చూడండి. పగిలిన వెనక లైటు, విరిగిన కిటికీ హ్యాండిలు, తలుపు తాళం గుడ్డసంచీలో వేసుకొచ్చింది. దర్జీకి కొలత జాకెట్టు ఇవ్వమూ, అలాగన్నమాట. "కాంటెస్సాదే దీదీ" అని కొట్టువాడు ఇచ్చినదాన్నల్లా పాతదాని పక్కన పెట్టి, మేకుల కన్నాలు సరిపోయాయా లేదా చూసి గానీ డబ్బు తియ్యలేదు. పద్ధెనిమిది వందలన్న లైటు తొమ్మిది వందలకి, రెండు హ్యాండిళ్ళూ తాళమూ కలిపి పధ్నాలుగు వందలకి వచ్చాయి. బ్రేకు రబ్బర్లు మాత్రం పక్క సందులో కొత్తవి, బిల్లుతో.

పని త్వరగా అయిపోయింది. బావగారు మొహమాటంగా "హింద్‌మోటార్ దాకా వెళ్దామా?" అన్నారు. హౌరా నుంచి బర్ద్వాన్ వైపు లోకల్లో ఉత్తర్‌పారా తరవాతి స్టేషనే అది. ఫ్యాక్టరీ పేరే స్టేషనుకి పెట్టారు. మన అంబాసిడర్లూ కాంటెస్సాలూ ఈ ఊళ్ళోనే పుట్టాయి. 2014 మేలో ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. మట్టిముంతల్లో టీ తాగి ఆ గోడ వెంట కాసేపు నడిచాం. బావగారు ఒక్క మాటా మాట్లాడలేదు. తిరుగు రైల్లో సంచీ మాత్రం అక్క చేతికివ్వకుండా తన ఒళ్ళోనే పెట్టుకున్నారు.

తరవాత పని నెలరోజులు పట్టింది. అన్నిటికంటే ఎక్కువ తిన్నది తుప్పే. ముందద్దం రబ్బరు సందుల్లోంచి వాననీళ్ళు దిగి మ్యాట్ల కింద రేకు అప్పడంలా అయిపోయింది. కోసి కొత్త రేకు అతకటానికి పన్నెండు వేలు. పాత కారున్నవాళ్ళు ఏడాదికోసారైనా మ్యాట్లెత్తి తడి చూసుకోండి. బ్రేకులకి తొమ్మిదిన్నర వేలు, బ్యాటరీకి అయిదున్నర, కార్బురేటర్ శుభ్రానికి రెండు వేల నాలుగొందలు. మల్లిక్ బజారు సామానుతో సహా మొత్తం 37,700. బండి పాసైంది. ఏప్రిల్లో డాబా పనీ అయింది.

ఏసీ మాత్రం కాలేదు. ఆ రోజుల ఏసీల్లో ఆర్-12 గ్యాసుండేది. ఓజోన్ పొరకి చేటని 2010 నాటికి మనదేశంలో ఆపేశారు. కొత్త రకం గ్యాసు పట్టాలంటే రబ్బర్లు, డ్రయర్, ఆయిల్ అన్నీ మార్చాలి, ఇరవై ఎనిమిది వేలన్నారు. ఎండాకాలం వస్తే బావగారు ఆ మాటెత్తుతూనే ఉంటారు. అక్క మల్లిక్ బజారు హ్యాండిల్ తిప్పి కిటికీ అద్దం దించుతుంది.