మెట్ల కింద ఏముందో ఒకసారి చూడండి

పోస్టు కొంచెం పెద్దదే. అయినా హాస్టళ్లలో ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదవాలని కోరుతున్నాం.

పోయిన వానాకాలం ఒక రాత్రి మా హాస్టల్ కరెంటు మీటర్ల దగ్గర నిప్పురవ్వలు లేచాయి. మీటర్లు ఉండేది మెట్ల కిందే. విరిగిన చెక్క మంచాలు, పాత పరుపులు, అట్టపెట్టెలు కూడా అక్కడే. ఒక పరుపు అంటుకుంది. మేము పైనుంచి పరిగెత్తి సగం మెట్లు దిగేసరికి పొగ ఎదురొచ్చింది. కింద గ్రిల్ గేటుకి తాళం. తాళంచెవి వాచ్‌మన్ అన్న దగ్గర. ఆయన వచ్చి తీసేదాకా దగ్గుకుంటూ, కేకలేస్తూ నిలబడ్డాం. తర్వాత మెయిన్ ఆపి, బకెట్లతో నీళ్లు పోసి ఆర్పాం. ఎవరికీ ఏం కాలేదు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెబితే "ఆ చదువొద్దు, వచ్చెయ్" అంటారని భయం.

మాలో ముగ్గురం సివిల్ చదువుతున్నాం. మా సార్‌ని అడిగితే అమెరికాలో పాటించే ఒక నియమం చెప్పారు. అక్కడ మూడు నాలుగు అంతస్తుల ఇళ్లు కూడా చెక్క చట్రంతోనే కడతారు. స్ప్రింక్లర్లు పెట్టే భవనంలో మెట్లు చెక్కవైతే వాటన్నిటి కిందా స్ప్రింక్లర్లు ఉండాలి. మెట్లు, వాటి చుట్టూ గోడలు కాలనివైతే పైన చిట్టచివర, అడుగున మొదటి ల్యాండింగ్ కింద ఉంటే చాలు. స్ప్రింక్లర్‌లో చిన్న గాజు బుడ్డి ఉంటుంది. ఎక్కువగా వాడేది 68 డిగ్రీల వేడికి పగిలి నీళ్లు వదులుతుంది. వేడి తగిలినదే పగులుతుంది, అన్నీ కాదు.

"సిమెంటు మెట్లు కాలవు కదా, అడుగున ఎందుకు సార్?" అన్నాం.

"మనుషులు ఎక్కడైనా మెట్ల కింద సామాను పడేస్తారు కాబట్టి" అన్నారు.

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ మంచాల్లో రెండు మేమే మోసుకొచ్చి పడేశాం మరి. సిమెంటు మెట్లని మేమే చెక్క మెట్లు చేసుకున్నాం.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఏమైందో గుర్తుందా? కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకుంటే, పైన లాడ్జిలో ఉన్నవాళ్లలో 8 మంది చనిపోయారు. మెట్ల దారి పొగగొట్టంలా మారింది. మంట దాకా అక్కర్లేదు, పొగే చాలు.

మన ఊళ్లో పోడుకి అగ్గి పెట్టే ముందు మా తాతలు చుట్టూ ఎండాకులు ఊడ్చి దారి చేసేవాళ్లు. ఎటు పోవాలో ముందే చూసుకునేవాళ్లు. వాళ్లకి తెలిసింది చదువుకుంటున్న మేము మర్చిపోయాం.

వార్డెన్ సార్‌కి కాగితం రాశాం. స్ప్రింక్లర్లు అడగలేదు. సామాను తీయించండి, గేటు లోపల్నుంచి తెరుచుకునేలా చేయండి అన్నాం. బయటికి పోయే తలుపు తాళంచెవి లేకుండా లోపల్నుంచి తెరుచుకోవాలని మన జాతీయ భవన నియమావళిలోనే ఉంది. "రాత్రిళ్లు మీరు బయట తిరిగితే బాధ్యత ఎవరిది?" అన్నారు సార్. ఆయన భయమూ అబద్ధం కాదు. సామాను ఆదివారం మేమే తీసేశాం. ఇప్పుడు ఒక తాళంచెవి లోపల మేకుకి వేలాడుతోంది. గొళ్లెం మాత్రం ఇంకా మారలేదు. మళ్లీ అడుగుతాం.

ఈ రాత్రి మీ హాస్టల్ మెట్ల కింద ఏముందో చూడండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడగండి. కామెంట్లో రాయండి, కలిసి అడుగుదాం.

జోహార్.